వకీలు ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్: కొనే ముందు, కొన్న తర్వాత తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ప్రాక్టీసు చేసే ఆఫీసు మాది. నేను, ముగ్గురు జూనియర్లు, ఒక గుమాస్తా. సివిల్ దావాలు, చెక్కు బౌన్సులు ఎక్కువ, అప్పుడప్పుడు ఎర్రచందనం బెయిళ్లు. నాలుగేళ్లలో రెండు సాఫ్ట్‌వేర్లు కొన్నాం, ఒకటి వదిలేశాం. ఆ సంగతి బయటికి పొక్కినప్పటి నుంచి బార్ అసోసియేషన్‌లో టీ గ్లాసు పట్టుకుంటే చాలు, ఎవరో ఒకరు పక్కకు పిలుస్తున్నారు. చిత్తూరు నుంచి, పుత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి ఫోన్లు. అడిగినవే మళ్లీ అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

మాది చిన్న ఆఫీసు సార్. ఇవన్నీ హైదరాబాదు, చెన్నై పెద్ద సంస్థల గొడవ కదా, మాకెందుకు?

వద్దనుకునే వీలు మనకు ఎప్పుడో పోయింది. కోర్టు పనులను కంప్యూటర్లోకి తెచ్చే ఈ-కోర్ట్స్ ప్రాజెక్టు 2007లో మొదలైంది. మూడో దశకు 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 7,210 కోట్ల రూపాయలు ఆమోదించింది. ప్రతి కేసుకూ దాన్ని గుర్తుపట్టే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు పడుతోంది. పలమనేరు టమాటా మండీలో నిలబడ్డ పార్టీ ఆ నంబరు ఫోన్లో కొట్టి మనకన్నా ముందే వాయిదా చూసుకుంటున్నాడు. "14కు పడింది కదా సార్, మీరు 21 అన్నారే" అని ఒకాయన నన్నే అడిగాడు. డైరీ తీస్తే 14 అనే ఉంది. తప్పు చెప్పింది నేనే.

2024 జులై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాక పని ఇంకో మెట్టు పెరిగింది. సోదా, స్వాధీనం జరిగేటప్పుడు వీడియో తీయాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. ఆ వీడియో రేపు మన ముద్దాయి కేసులో వస్తుంది. దాన్ని ఆసాంతం చూసి, ఏ నిమిషంలో పంచులు (సోదాకు పిలిచిన సాక్షులు) కనబడలేదో రాసుకుని, సాక్షిని ఎదురు ప్రశ్నలు అడిగే క్రాస్‌లో వాడే ఏర్పాటు ఆఫీసులో ఉండాలి. దానికి పెద్ద సంస్థ అక్కర్లేదు, ఒక మంచి కంప్యూటరు, ఓపిక ఉన్న జూనియరు చాలు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

సాఫ్ట్‌వేర్ పేర్ల దగ్గర మాత్రం కాదు. రెండు వారాల పాటు ఒక నోటుపుస్తకం ఆఫీసులో అందరికీ కనిపించేచోట పెట్టండి. ఏ పని మీద ఎంతసేపు పోయిందో ఎవరికి వారు రాయాలి. సొంత కవిత్వం వద్దు, "కట్ట వెతికాను, 25 నిమిషాలు" అన్నంత పొడిగా ఉండాలి.

మేం చేసినప్పుడు, డ్రాఫ్టింగ్‌కే ఎక్కువ సమయం పోతోందని నేను గట్టిగా నమ్మి ఉన్నాను. నోటుపుస్తకం వేరే చెప్పింది. మా గుమాస్తా అన్నకు రోజుకు గంటకు పైగా "ఎప్పుడు సార్ వాయిదా" అనే ఫోన్లకే సరిపోతోంది. జూనియర్లు ఆస్తి షెడ్యూలును ప్లెయింటులో (దావా అర్జీలో) ఒకసారి, ఐ.ఏ.లో (మధ్యంతర దరఖాస్తులో) ఒకసారి, అఫిడవిట్‌లో ఒకసారి కొత్తగా టైపు చేస్తున్నారు. హద్దుల్లో తూర్పు పడమర తారుమారయ్యేది కూడా అక్కడే. ఆ రెండు వారాలు చూడకుండా కొనుంటే డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్ కొని, ఫోన్లు ఎత్తడానికి ఇంకో మనిషిని పెట్టుకునేవాణ్ని.

డెమో చూశాం. అదిరిపోయింది. కొనేయొచ్చా?

డెమోలో అన్నీ అదురుతాయి. బెంగళూరు నుంచి ఒక కుర్రాడు మా ఆఫీసుకొచ్చి, చక్కటి ఇంగ్లీషు లీజు అగ్రిమెంటు ఒకటి ఎక్కించి, "ఖాళీ చేయించడానికి నోటీసు గడువెంత" అని అడిగాడు. మూడు సెకన్లలో జవాబు. జూనియర్లు ముగ్గురూ నా మొహం చూశారు.

నేను బీరువాలోంచి సత్యవేడు వైపు భాగపంపకం దావా కట్ట తీశాను. సత్యవేడు ప్రాంతం ఒకప్పుడు చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారినప్పుడు అటు తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, ఇటు ఆ గ్రామాలు మన చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి. అందుకని ఆ కట్టలో 1954 నాటి తమిళ సెటిల్‌మెంటు దస్తావేజు ఉంది. చేతిరాత, గోధుమరంగు కాగితం, మడత పడ్డచోట అక్షరాలు లేవు. దాని వెనక తెలుగు అడంగల్ (సాగు రికార్డు) నకళ్లు, ఆ వెనక జిరాక్సుకు జిరాక్సు తీసిన ఈసీ (ఆస్తి లావాదేవీల పత్రం). "ఇందులో మూడో షెడ్యూలు ఆస్తి ఎవరి వాటాకు పోయింది" అని అడగమన్నాను. యంత్రం తడుముకోకుండా ఒక పేరు చెప్పింది. ఆ పేరు గల మనిషి దస్తావేజులో సాక్షి.

తెలియదని చెప్పి ఉంటే కొనేవాణ్నేమో. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడమే నాకు భయం వేసింది.

కాబట్టి డెమోకు వచ్చినవాళ్ల ఫైలు వద్దు, మీ ఆఫీసులో అన్నిటికన్నా పాడైన కట్ట ఇవ్వండి. జవాబు మీకు ముందే తెలిసిన, ముగిసిపోయిన కేసు కట్ట అయితే ఇంకా మంచిది. పేర్లు, సర్వే నంబర్లు మాత్రం చెరిపి ఇవ్వండి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఇబ్బందులు ఏమైనా ఉన్నాయా?

చాలా ఉన్నాయి. ఒక్కటి వివరంగా చెబుతాను: స్థలం కొలిచే అంకణం. తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు అంకణమంటే 72. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి నాయుడుపేట, సూళ్లూరుపేట ఇటు వచ్చాయి. అంటే ఇప్పుడు ఒకే జిల్లాలో రెండు అంకణాలు. తిరుపతి కొర్లగుంటలో 20 అంకణాల స్థలమంటే 720 అడుగులు, అదే నాయుడుపేటలో 1,440. మేం పరీక్షించిన అనువాద సాఫ్ట్‌వేరు కొర్లగుంట స్థలానికి 1,440 అని వేసింది. అదే ప్లెయింటులోకి పోయి ఉంటే స్థలం రెట్టింపయ్యేది, దానితోపాటు కోర్టు ఫీజు కూడా. ఎదుటి వకీలుకు పండగే.

ఇంకా పాత ఉత్తర ఆర్కాటు కాలపు దస్తావేజులు. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకుముందు రికార్డుల్లో జిల్లా పేరే వేరు. ఊరి పేరు తమిళ ఉచ్చారణలో ఒకలా, తెలుగులో ఒకలా ఉంటుంది. వెతికే యంత్రానికి ఆ రెండూ ఒకే ఊరని మనమే నేర్పాలి. మేం ఇలాంటి ఊరి పేర్లు, కొలతలు ఒక పట్టీగా రాసి గోడకు అంటించాం. ఏ కొత్త సాఫ్ట్‌వేరు వచ్చినా మొదటి పరీక్ష ఆ పట్టీతోనే.

తెలుగు టైపింగ్ ఫైళ్లు కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఎందుకు?

పాత ఫైళ్లు అను ఫాంట్లలో ఉండటం వల్ల. కోర్టు ఎదుట టైపింగ్ సెంటర్లలో చాలా చోట్ల ఇప్పటికీ అదే నడుస్తోంది. అందులో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగా దాచబడదు. కింద ఇంగ్లీషు గుర్తులే ఉంటాయి, పైన ఫాంటు వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఫాంటు లేని కంప్యూటర్లో తొడుగు ఊడిపోతుంది. అదే కారణం చేత అందులో "వారసులు" అని వెతికితే దొరకదు. ఏఐ కూడా ఏమీ చదవలేదు.

మార్గం యూనికోడ్, అంటే తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే పద్ధతి. పాతవి మార్చే కన్వర్టర్లున్నాయి కానీ ఒత్తులు, పొల్లులు అక్కడక్కడ చెడతాయి, మనిషి చదివి దిద్దాల్సిందే. పాత ఫైళ్లన్నీ మార్చే పని పెట్టుకోకండి. నడుస్తున్న కేసులకు, ఇక మీదట చేసేవాటికి మాత్రం యూనికోడే అని గీత గీయండి. మా టైపిస్టు ఇరవై ఏళ్లుగా ఒకే కీబోర్డు అలవాటున్న మనిషి. "వేళ్లు మాట వినవు సార్" అన్నాడు. పాత కీబోర్డు అమరికతోనే యూనికోడ్ కొట్టే ఏర్పాటు చేసి ఇచ్చాం. వారంలో దారికొచ్చాడు. ఫాంటు మార్చమంటే మారతారు, వేళ్లను మార్చమంటేనే తిరగబడతారు.

చేతిరాత తెలుగును చదివే ఓసీఆర్ గురించి ఒక్క మాట: అచ్చు తెలుగు బాగానే చదువుతోంది. చేతిరాతను, ముఖ్యంగా కరణాల గొలుసుకట్టు రాతను నమ్మి ఏ అఫిడవిట్టూ వేయకండి.

వాయిదాల డైరీ ఇక మానేయొచ్చా?

ఏడాది వరకు వద్దు. రెండూ నడపండి. మా గుమాస్తా అన్న డైరీలో స్టేజీ మారిన కేసుకు ఎర్ర సిరాతో చుక్క ఉంటుంది, సాక్షి రావాల్సిన రోజు పేజీ మూల మడిచి ఉంటుంది. ఆ మడత ఏ యాప్‌లోనూ లేదు. సాఫ్ట్‌వేరు చేయగలిగింది వేరే: రాత్రికి రాత్రి సీఎన్‌ఆర్ నంబర్లతో కొత్త తేదీలు లాక్కొచ్చి, డైరీకి తేడా ఉన్నవి చూపించడం. మాకు అసలు లాభం ఆ తేడాల పట్టీతోనే వచ్చింది. పొద్దున తొమ్మిదిన్నరకు అన్న ఆ పట్టీ చూసి, అనుమానం ఉన్నవాటికి బెంచి గుమాస్తాను అడుగుతాడు.

గడువు లెక్క మాత్రం యంత్రానికి వదలకండి. చెక్కు బౌన్సునే తీసుకుందాం. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. అది అందుకున్నాక చెక్కు ఇచ్చినవాడికి 15 రోజుల గడువు. ఆ తర్వాత కాజ్ ఆఫ్ యాక్షన్, అంటే కేసు వేసే హక్కు, పుడుతుంది, అక్కడి నుంచి ఒక నెలలోపు కంప్లయింటు వేయాలి. చట్టం అన్నది "ఒక నెల", 30 రోజులు కాదు. నోటీసు ఫిబ్రవరి 10న అందిందనుకోండి, లీపు సంవత్సరం కాదు. 25తో 15 రోజులు అయిపోయాయి, 26న కాజ్ ఆఫ్ యాక్షన్. ఆఖరి రోజు మార్చి 26. మేం వదిలేసిన సాఫ్ట్‌వేరు 30 రోజులు కూడి మార్చి 28 చూపించింది. 27న నింపాదిగా కోర్టుకు పోయినవాడు ఆలస్యం మాఫీ చేయమని కారణాలు రాసుకుంటూ కూర్చోవాలి. ఆ సంస్థవాళ్లకు ఫోన్ చేసి చెబితే "30 రోజులన్నా నెలన్నా ఒకటే కదా సార్" అన్నారు. అది వదిలేయడానికి ఆ ఒక్క మాట చాలింది.

ఏఐతో పిటిషన్లు రాయించవచ్చా?

రాయించవచ్చు. సంతకం మీదని మరిచిపోకుండా ఉంటే.

2023 జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఇద్దరు వకీళ్లకు, వాళ్ల సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. విమాన సంస్థ మీద వేసిన కేసులో చాట్‌జీపీటీ పుట్టించిన, లోకంలో లేని తీర్పులను ఉటంకించారు. తీర్పులు ఉన్నాయా అని ఆ యంత్రాన్నే అడిగితే ఉన్నాయనే చెప్పింది. దొంగను పట్టుకుని నువ్వు దొంగవా అని అడిగినట్టుంది. మన దగ్గర కేరళ హైకోర్టు 2025 జులైలో జిల్లా కోర్టులకు ఏఐ విధానం ప్రకటించింది. తీర్పు నిర్ణయాలకు ఏఐని వాడకూడదని అందులో స్పష్టంగా ఉంది. న్యాయమూర్తులకే అంత జాగ్రత్త చెప్పినప్పుడు మన సంగతి వేరే చెప్పాలా.

మన దేశంలో ఇప్పుడు ఇంకో ఉచ్చు ఉంది. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టు సహజాధికారం, కేసు కొట్టేయమనే క్వాష్ పిటిషను. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు. పాత 482 ఇప్పుడు 528 అయింది, పాత 438 వచ్చి 482లో కూర్చుంది. ఏఐ చదువుకున్న తీర్పుల్లో చాలా భాగం పాత నంబర్లవే. ముందస్తు బెయిలు పిటిషను రాయమంటే 482 అని సరిగ్గా పైన వేసి, లోపల క్వాష్ తీర్పులు పేర్చిన డ్రాఫ్టు మా జూనియరు టేబుల్ మీద నేను కళ్లారా చూశాను. చదవడానికి ఎంత నున్నగా ఉందంటే, రెండో పేజీ దాకా నాకూ తట్టలేదు.

మా ఆఫీసు పద్ధతి ఇది. డ్రాఫ్టులో ఉన్న ప్రతి తీర్పునూ అసలు చోట తెరవాలి. సుప్రీంకోర్టు తీర్పులు 2023 జనవరి నుంచి ఆ కోర్టు ఆన్‌లైన్ సంకలనం ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. అదే ఏడాది నుంచి తీర్పులకు న్యూట్రల్ సైటేషన్ (కోర్టే ఇచ్చే గుర్తింపు నంబరు) కూడా వచ్చింది కాబట్టి వెతకడం తేలిక. తెరిచి, మనకు కావాల్సిన పేరా చదివి, ప్రింటు తీసి, పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టి జూనియరు పొడి సంతకం చేయాలి. టిక్కు లేని తీర్పు నా దగ్గరకు రాకూడదు.

నాకు ఏఐ నిజంగా పనికొచ్చింది రాతలో కాదు, చదవడంలో. ఒక కేసులో పదకొండు మంది సాక్షుల స్టేట్‌మెంట్లు, అన్నీ అచ్చులో ఉన్నవే. ఎవరు ఎన్ని గంటలకు ఎక్కడ ఉన్నామన్నారో పట్టీ వేయమంటే వేసింది. నాలుగో సాక్షికీ తొమ్మిదో సాక్షికీ నలభై నిమిషాల తేడా. దాన్ని అసలు కాగితాలతో సరిచూసుకుని క్రాస్‌కు పోయాను. ఆ తేడా పట్టడానికి నాకైతే రెండు సాయంత్రాలు పట్టేది.

పార్టీల రహస్యాల మాటేమిటి?

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. పార్టీ మనకు చెప్పిన మాట అతని అనుమతి లేకుండా బయటపెట్టకూడదని సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ అంటోంది. పాత ఎవిడెన్స్ యాక్టు 126కు బదులు వచ్చింది ఇదే. ఉచితంగా దొరికే ఏఐలో విడాకుల కేసు అఫిడవిట్ మొత్తం అతికించి "దీన్ని తెలుగులోకి మార్చు" అనడం, ఆ కాగితాన్ని ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టడమే. పేర్లు తీసేసి పెట్టండి, లేదా మన సమాచారంతో యంత్రానికి శిక్షణ ఇవ్వబోమని రాతపూర్వకంగా ఒప్పుకున్న డబ్బు కట్టే సేవ వాడండి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. హక్కుల కోసం కోర్టులో పోరాడే పనికి అందులో 17వ సెక్షన్ కింద చాలా మినహాయింపులున్నాయి. సమాచారాన్ని భద్రంగా ఉంచే బాధ్యతకు మాత్రం మినహాయింపు లేదు. జరిమానా గరిష్ఠం 250 కోట్ల రూపాయలు. మన ఆఫీసు అమ్మినా రాదు.

అయితే అసలు చిల్లు క్లౌడ్‌లో కాదు, కోర్టు గేటు ఎదురుగా ఉంది. జిరాక్సు షాపు. మెయిల్ తెరిచి ప్రింటు తీసుకుని, లాగవుట్ చేయకుండా "వాయిదా పిలుస్తున్నారు" అని పరిగెత్తే జూనియర్లు ఎంతమంది! ఒకరోజు నేనే అక్కడ కంప్యూటరు ముందు కూర్చుంటే వేరే వకీలు మెయిల్ తెరిచి ఉంది, పైన మా ఎదుటి పార్టీ పేరు. కళ్లు తిప్పుకుని మూసేశాను. అందరూ మూసేస్తారని చెప్పలేను. ఆ సాయంత్రమే ఒక చిన్న ప్రింటరు కొన్నాం. మా ఆఫీసులో భద్రత కోసం పెట్టిన మొదటి ఖర్చు అదే.

వాట్సాప్ చాట్లు, సీసీటీవీ, కాల్ రికార్డింగులు పార్టీలు పంపుతుంటే ఎలా దాచాలి?

వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయించుకోకండి. వీడియో, ఫొటో అందులో కుదించుకుపోతాయి, అసలు ఫైలు తేదీ వివరాలూ పోతాయి. ఫోన్ తీసుకుని ఆఫీసుకు రమ్మనండి, కేబుల్‌తో కాపీ తీయండి, ఫోన్ను అమ్మొద్దని, రీసెట్ చేయొద్దని అక్కడే చెప్పండి.

ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ పాత ఎవిడెన్స్ యాక్టు 65-బి కన్నా బరువైనది. అందులో రెండు భాగాలు: మొదటిది పార్టీ ఇవ్వాలి, రెండోది నిపుణుడు ఇవ్వాలి. ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఒక్క సెకను వీడియో కత్తిరించినా ముద్ర మారిపోతుంది. లెక్కగట్టే పరికరాలు ఉచితంగానే దొరుకుతాయి. కాపీ తీసిన రోజే హ్యాష్ తీసి, తేదీ వేసి కట్టలో పెడితే తర్వాత తల పట్టుకోవక్కర్లేదు. అసలు పరికరం కోర్టు ముందు పెట్టనప్పుడు సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో పాత సెక్షన్ మీదే తేల్చింది.

ఈ-ఫైలింగ్‌లో తరచూ తిప్పి కొడుతున్నారు. ఏం చేయాలి?

ఎక్కువ భాగం స్కానింగ్ తప్పులే. ఫోన్ కెమెరాతో టేబుల్ నీడ పడేలా తీసిన ఫొటోలు పీడీఎఫ్ కావు. 300 డీపీఐలో నలుపు తెలుపు స్కాను, పేజీ నంబర్లు, ఒక్కో డాక్యుమెంటుకు బుక్‌మార్కు. ఆధార్ ఓటీపీతో సంతకం చేసేవాళ్లు ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆగకండి.

అమరావతి హైకోర్టు కేసులు ఇక్కడి నుంచే వీడియోలో నడపొచ్చా?

చిన్న వాయిదాలకు హాయిగా నడపొచ్చు. రాత్రి రైలెక్కి, పొద్దున హైకోర్టు ఉన్న నేలపాడు చేరి, "రెండు వారాల తర్వాత" అన్న మూడు మాటలు విని తిరిగొచ్చిన రోజులు చాలా చూశాను. ఫైనల్ హియరింగుకు మాత్రం నేను పోతాను. జడ్జిగారు ఏ పేజీ దగ్గర కనుబొమ్మ ఎగరేశారో తెరమీద కనబడదు.

ఖర్చు ఎంతవుతుంది?

ఎవరు చెప్పిన ధరకూ దాని పక్కన ఇంకో ఖర్చు ఉంటుంది, దాన్ని ఎవరూ చెప్పరు. పాత కేసుల వివరాలు ఎక్కించే మనిషి కూలి, స్కానరు, కరెంటు పోతే ఆగకుండా యూపీఎస్, రెండో ఏడు రెన్యువల్‌కు పెరిగే రేటు, జూనియరు మారినప్పుడల్లా కొత్తవాడికి నేర్పే రోజులు. మా అనుభవంలో కొన్న ధరకన్నా మొదటి ఏడు ఈ పక్క ఖర్చే ఎక్కువైంది. ముందు ఉచితంగా ఉన్నవి పూర్తిగా వాడండి: ఈ-కోర్ట్స్ యాప్, ఈ-ఎస్‌సీఆర్, తీర్పులు వెతకడానికి ఇండియన్ కానూన్, భూముల కేసులకు మీభూమి. వీటితో తీరని పని ఏదో తేలాకే డబ్బు తీయండి.

ఇంకొకటి. లోకంలో అందరి అగ్రిమెంట్లూ చదివి తప్పులు పట్టే మనం, సాఫ్ట్‌వేర్ షరతులకు మాత్రం చదవకుండా ఒప్పుకుంటున్నామని నొక్కేస్తాం. కనీసం ఒక్కటి చూడండి: రేపు మానేస్తే మన కేసుల వివరాలు ఎక్సెల్, పీడీఎఫ్ రూపంలో తిరిగి ఇస్తారా, ఎన్ని రోజుల్లో ఇస్తారు, వాళ్ల దగ్గరి కాపీ చెరిపేస్తారా. మేం వదిలేసిన సంస్థ వివరాలు ఇవ్వడానికి 46 రోజులు తిప్పింది. అప్పటికి మా డైరీ పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది.

సీనియర్‌గారు ఒప్పుకోవడం లేదు, గుమాస్తా భయపడుతున్నాడు. ఎలా?

సీనియర్లకు డెమో చూపించకండి, వాళ్ల సొంత కేసు చూపించండి. మా గురువుగారు టెక్నాలజీ మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవారు. ఆయన ఎనభైల్లో వాదించిన అప్పీలు తీర్పును ఫోన్లో తీసి చేతికిచ్చాను. కళ్లజోడు సవరించుకుని, తన పేరు ఉన్న చోట వేలు పెట్టి, "ఇదెక్కడిదిరా" అన్నారు. ఆ తర్వాత నెలకు నేను ఆయనకు తీర్పులు పంపడం మానేశాను, ఆయనే నాకు పంపుతున్నారు.

గుమాస్తా భయం వేరు. తన పని పోతుందేమోనని. ఎంపిక జరిగేటప్పుడే ఆయన్ని కూర్చోబెట్టండి, అమ్మడానికి వచ్చినవాణ్ని ఆయనే ప్రశ్నలు అడగాలి. మా అన్న అడిగిన మొదటి ప్రశ్న: "కోర్టు సెలవని పొద్దున పదిన్నరకు చెబితే, ఇది ఆ రోజు పార్టీలందరికీ తెలుపుతుందా?" కుర్రాడి దగ్గర జవాబు లేదు. మాలో ఎవరికీ తట్టని ప్రశ్న అది. ఇప్పుడు ఆ సదుపాయం మాకుంది, దాన్ని నడిపేది ఆయనే.

ఏఐ చేతికొస్తే జూనియర్లు చదవడం మానేస్తారేమో?

మానేస్తారు, వదిలేస్తే. మా దగ్గర మొదటి ఏడాది జూనియర్లకు డ్రాఫ్టింగ్‌లో ఏఐ లేదు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన అమ్మాయి ఒకతి దీన్ని అన్యాయమంది. ఆరు నెలలు చేత్తో ప్లెయింట్లు రాశాక, యంత్రం ఇచ్చిన డ్రాఫ్టులో కాజ్ ఆఫ్ యాక్షన్ పేరానే లేదని తనే పట్టుకుంది. అన్యాయమన్న మాట మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు.

సమయం మిగిలితే ఫీజు తగ్గించాలా?

గంటల లెక్కన తీసుకునేవాళ్లు ఆలోచించుకోవాలి. మనలో ఎక్కువమంది కేసుకింతని మాట్లాడుకుంటాం కాబట్టి ఆ ప్రశ్న రాదు. కానీ ఏఐ వాడుతున్నారా అని పార్టీ అడిగితే దాచకండి.

డబ్బు పెట్టకుండా ఈ వారమే చేయగలిగిందేమైనా ఉందా?

ఉంది. ప్రతి కట్ట అట్ట మీద సీఎన్‌ఆర్ నంబరు స్కెచ్ పెన్నుతో పెద్దగా రాయించండి. కంప్యూటర్లో "కొత్తది ఫైనల్ 2" లాంటి పేర్లు ఆపి, కేసు నంబరు, ఏడాది, కాగితం రకం, తేదీ ఇదే వరుసలో పెట్టండి. ఆఫీసు మెయిల్‌కు రెండంచెల తాళం వేయండి. ఆ రెండో అంచె ఓటీపీ గుమాస్తా కొడుకు పాత నంబరుకు పోకుండా చూసుకోండి. మాకు మూడు రోజులు అక్కడికే పోయింది, ఆ అబ్బాయి అప్పుడు కుప్పంలో పరీక్షలు రాస్తున్నాడు.